ఒక్క చెట్టును నమ్ముకున్న పిట్ట

ఆస్ట్రేలియా తూర్పు తీరపు అడవుల్లో నల్ల కకాటూ కోసం వెతికేవాళ్లు ముందుగా కొమ్మల్లోకి చూడరు. చెట్టు మొదట్లోకి వంగి చూస్తారు. సన్నటి ఎండుటాకుల పరుపు మీద నమిలి పారేసిన కాయల తునకలు ఏమైనా పడి ఉన్నాయా అని వెతుకుతారు. తునక తాజాదైతే కొరికిన చోట లేతరంగులో ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ గోధుమరంగుకు తిరిగి, చివరికి బూడిదరంగుకు వస్తుంది. ఆ రంగును బట్టి పిట్ట ఈ చెట్టు మీద వాలి ఎంతకాలమైందో అంచనా కడతారు. తునకలు అప్పుడే రాలినవని తెలిస్తే నిలబడి చెవి ఒగ్గుతారు. కూత వినిపించకపోవచ్చు. కాయను ముక్కుతో పగలగొట్టే టిక్కు టిక్కుమనే చప్పుడు, పొట్టు ఆకుల మీద రాలే చప్పుడు మాత్రం వినిపిస్తాయి. తల మీదుగా గోల చేస్తూ ఎగిరిపోయే కకాటూల దేశంలో ఇలా చప్పుడు చేయకుండా రోజంతా ఒక్కచోట కూర్చుని తినే పిట్ట ఒకటుందంటే అక్కడివాళ్లలోనే చాలామందికి తెలియదు.

దీని పేరు గ్లాసీ బ్లాక్ కకాటూ. శాస్త్రీయనామం కాలిప్టోరింకస్ లేథమీ. 1807లో డచ్ పక్షిశాస్త్రజ్ఞుడు టెమ్మింక్ దీన్ని తొలిసారి శాస్త్రపద్ధతిలో వర్ణించి, ఆస్ట్రేలియా పక్షుల మీద ముందునుంచీ పనిచేసిన ఆంగ్లేయుడు జాన్ లేథమ్ పేరు పెట్టాడు. కకాటూ అనగానే మనకు తెల్లటి ఒళ్లు, తలమీద పసుప్పచ్చ జుట్టు ఉన్న జూపార్కు చిలుక గుర్తొస్తుంది. ఆ కుటుంబంలో ఉన్న ఇరవై పైచిలుకు జాతుల్లో నల్లవి కొన్నే. ఆ నల్లవాటిలో ఇదే చిన్నది. ముక్కు నుంచి తోక చివరిదాకా అరమీటరుకు మించదు, బరువు అరకిలో లోపే. మగపిట్ట తల, మెడ గోధుమ ఛాయ కలిసిన నలుపు. ఎగిరేటప్పుడు తోక విప్పిందంటే లోపల నిప్పురంగు పట్టీలు కనిపిస్తాయి. ఆడపిట్ట తోకలో ఆ ఎరుపుకు నారింజ, పసుపు జీరలు, అడ్డంగా నల్లచారలు తోడవుతాయి. తలమీదా మెడమీదా పసుపు మచ్చలుంటాయి. ఈ మచ్చలు ఏ రెండు పిట్టలకూ ఒకేలా ఉండవు కాబట్టి పరిశోధకులు ఆడపిట్టలను మచ్చలు చూసే గుర్తుపడతారు.

ఆ ఎరుపు గురించి ఒక మాట చెప్పుకోవాలి. చాలా పక్షులకు ఎరుపూ పసుపూ తినే తిండి నుంచే రావాలి. రాజహంసను సరైన మేత లేని చోట పెంచితే గులాబీరంగు వెలిసిపోతుంది. చిలుకల కుటుంబాలకు మాత్రం ఆ అవసరం లేదు. సిట్టకోఫుల్విన్‌లు అనే వర్ణకాలను అవి ఒంట్లోనే తయారు చేసుకుంటాయి. జీవితమంతా ఒకే రకం గింజ తిని బతికే పిట్టకు ఇది చిన్న సదుపాయం కాదు.

ఆ గింజ సరుగుడు గింజ. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా సముద్రతీరం వెంట ఎవరిని అడిగినా సరుగుడు తోట, సర్వి తోట అని చూపించే చెట్టుకు దగ్గరి చుట్టం. మన ఇసుకనేలల్లో పెరిగేది కాజురినా ఎక్విసెటిఫోలియా. ఆస్ట్రేలియా, ఆగ్నేయాసియా తీరాల నుంచి వచ్చి 19వ శతాబ్దంలో మద్రాసు తీరమంతా వంటచెరకు కోసం నాటిన చెట్టు. ఇప్పుడు పందిరి గుంజలకూ, సెంట్రింగ్ కర్రలకూ, కాగితపు మిల్లులకూ పోతోంది, తుపాను గాలిని కూడా ఆపుతోంది. ఆస్ట్రేలియాలో ఈ కుటుంబం చాలా పెద్దది. షీ ఓక్ అని పిలుచుకునే అల్లోకాజురినా జాతులే అరవై దాకా ఉన్నాయి, అవి ఆ ఖండంలో తప్ప ఇంకెక్కడా సహజంగా పెరగవు. మన నల్ల కకాటూ బతుకు ముఖ్యంగా వాటి మీదే. తీరపు అడవుల్లో లిటోరాలిస్, టోరులోసా అనే జాతులు, లోపలి పొడి ప్రాంతాల్లో మరికొన్ని అల్లోకాజురినాలతోపాటు బెలా అనే కాజురినా, దక్షిణాన కంగారూ దీవిలో వెర్టిసిలాటా. ఏ ప్రాంతపు పిట్టైనా ఆ చుట్టుపక్కల దొరికే ఒకటి రెండు జాతుల కాయలతోనే ఏడాది పొడుగునా కడుపు నింపుకుంటుంది.

సరుగుడు తోటలో చెప్పుల్లేకుండా నడిచినవాళ్లకు ఆ కాయ సంగతి చెప్పక్కర్లేదు. షీ ఓక్ కాయ అంతకంటే గట్టిది, జాతిని బట్టి రెండు మూడు సెంటీమీటర్లు, కంగారూ దీవిలో ఇంకా పెద్దది. ఒంటినిండా మూసుకున్న చిన్న చిన్న నోళ్లుంటాయి, ఒక్కో నోట్లో ఒక్కో గింజ. గింజకు పల్చటి రెక్క, దాని లోపల కొద్ది మిల్లీగ్రాముల పప్పు. అల్లోకాజురినాల్లో చాలావాటి కాయలు పండినా విచ్చుకోవు. కొమ్మ ఎండిపోయేదాకానో, అడవి అంటుకునేదాకానో గింజలను అలాగే బిగపట్టుకుని ఏళ్లపాటు చెట్టునే ఉంటాయి. చెట్టు తన పిల్లల కోసం దాచుకున్న కొట్టు అది. దాన్ని బద్దలు కొట్టడానికి చిన్నపాటి పిట్ట ముక్కు చాలదు.

నల్ల కకాటూ ముక్కు ఆ పనికే పుట్టినట్టుంటుంది. ఉబ్బెత్తుగా, తలతో పోలిస్తే పెద్దదిగా, కింది దవడ బాగా వెడల్పుగా ఉంటుంది. పిట్ట ముందు కాయ ఉన్న కొమ్మను ముక్కుతో తెంపి, కాయను ఎడమకాలితో పట్టుకుంటుంది. ఈ జాతిలో దాదాపు అన్నీ ఎడమ కాలివాటమే. కాయను పైదవడ కొక్కేనికీ కింది దవడ అంచుకూ మధ్య ఇరికించి, అడకత్తెరలో పోకచెక్కను నొక్కినట్టు నొక్కి, మెల్లగా తిప్పుతూ వరసవరసగా పొరలు విప్పుతుంది. బయటపడిన గింజను నాలుకతో అందుకుని, రెక్కనూ తొక్కనూ ఒలిచి, పప్పు మాత్రం మింగుతుంది. మిగిలిన పిప్పిని కింద పడేస్తుంది. ఆ వెంటనే ఇంకో కాయ. కంగారూ దీవిలో ఒక్కో పిట్ట రోజుకు వంద దాకా కాయలు ఇలా ఒలుచుకోవాల్సి వస్తుంది. పొద్దు పొడిచినప్పటినుంచి పొద్దుగూకేదాకా దాని పగటిలో సింహభాగం ఈ పనికే పోతుంది. అంత నిశ్శబ్దంగా ఎందుకుంటుందని అడిగేవాళ్లకు ఇందులో కొంత జవాబు దొరుకుతుంది. నోరు ఖాళీగా ఉండదు.

మరి ఇంత కష్టం ఎందుకు? సిడ్నీ వీధుల్లో పసుపుజుట్టు తెల్ల కకాటూలు చెత్తడబ్బాల మూతలు ఎత్తి లోపలున్నది తింటున్నాయి. ఒకదాన్ని చూసి ఒకటి ఆ విద్య నేర్చుకుంటూ పేటపేటకూ పాకించుకున్నాయని 2021లో శాస్త్రవేత్తలు చూపించారు. మన రామచిలుక జొన్నకంకి, జామకాయ, మామిడి, మిరపపండు దేన్నీ వదలదు, లండన్ పార్కుల్లో వదిలినా బతికి పిల్లల్ని పెట్టింది. వీటితో పోలిస్తే ఒక్క చెట్టునే పట్టుకుని కూర్చున్న పిట్ట తెలివితక్కువదనిపించవచ్చు. నేనలా అనుకోను. షీ ఓక్ గింజలో మాంసకృత్తులూ కొవ్వూ పుష్కలం. ఆ చెట్టు వేళ్లలో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవులు కాపురముండి గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి, అందుకే ఇంకేదీ సరిగ్గా ఎదగని చవిటినేలలోనూ గుట్టరాళ్ల మధ్యా అది కాయ కాస్తుంది. కాయ ఏడాది పొడుగునా చెట్టు మీదే ఉంటుంది. దాన్ని పగలగొట్టగలిగిన పోటీదార్లు తక్కువ. కరువొచ్చినా వానొచ్చినా మేత కోసం వలస పోనక్కర్లేని ఏర్పాటు అది. ఎంతో పాతది, ఎంతోకాలం చక్కగా నడిచింది.

ఆ ఏర్పాటులో పిట్ట చేసే ఎంపిక చూస్తే ఆశ్చర్యమేస్తుంది. షీ ఓక్ జాతుల్లో చాలావాటికి మగచెట్లు వేరు, ఆడచెట్లు వేరు, కాయ ఆడచెట్టుకే. అంటే తోపు చూడ్డానికి ఎంత దట్టంగా ఉన్నా అందులో సగం దీనికి పనికిరాదు. మిగిలిన సగంలోనూ పిట్ట కొన్నిటినే ఎంచుకుంటుంది. పక్కపక్కనే రెండు చెట్లు, రెండిటి నిండా కాయలే. ఒకదాని కింద పిప్పి మేటలు వేసి ఉంటుంది, రెండోదాని కింద ఒక్క తునకా ఉండదు. పరిశోధకులు ఆ కాయలను తెచ్చి తూచి చూస్తే గుట్టు బయటపడింది. పిట్ట వదిలేసిన చెట్టు కాయలో తాలు ఎక్కువ. పిట్ట మళ్లీ మళ్లీ వాలే చెట్టు కాయలో, కాయ బరువుకు తగ్గట్టు పప్పు బరువు ఎక్కువ. కొన్ని మిల్లీగ్రాముల తేడా అది. కాయ పగలగొట్టడానికి పట్టే శ్రమ రెండుచోట్లా ఒకటే కాబట్టి వంద కాయలకు ఆ తేడా పిట్ట నిలవడమా పస్తుండడమా అన్నంత అవుతుంది. అందుకే ఇష్టమైన చెట్లకు సంవత్సరాల తరబడి తిరిగి వస్తుంది. ఇది మేసిన చెట్లను మ్యాపులో గుర్తించి పెట్టుకుంటే రేపు ఎక్కడ కనిపిస్తుందో చాలావరకు చెప్పేయొచ్చు. అభివృద్ధి పేరుతో ఒక కాలనీ వేస్తూ వంద షీ ఓక్‌లలో ఇరవై కొడితే పోయేది ఐదోవంతు మేతే అని కాగితం మీద లెక్క తేలుతుంది. ఆ ఇరవైలో పిట్ట ఎంచుకున్న చెట్లు ఎన్నున్నాయో చూడకుండా వేసిన ఆ లెక్కకు విలువ లేదు.

పిల్లల్ని పెంచే కాలంలో ఈ బిగువు ఇంకా పెరుగుతుంది. ఆడపిట్ట ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది, తెల్లటిది. నెల రోజుల పాటు ఆమే పొదుగుతుంది, మగపిట్ట పొదగదు. పగలంతా ఎక్కడో మేసి, పొద్దుగూకే వేళకు గూటి దగ్గరికి వచ్చి, తొర్రలోంచి బయటికొచ్చిన పెంటికి తాను తిన్న గింజలను కక్కి తినిపిస్తుంది. రెండు కడుపులకు సరిపడా గింజలు ఒక్క ముక్కుతో ఒలవాలి. పిల్ల పుట్టాక దానికి కూడా కలిపి. పిల్ల గూట్లో మూడు నెలల దాకా ఉంటుంది, ఎగరడం వచ్చాక కూడా నెలల తరబడి అమ్మానాన్నల వెంటే తిరుగుతూ నోరు తెరిచి అడుగుతుంది. కాయ పగలగొట్టడం నేర్చుకోవడానికి అంత కాలం పడుతుంది మరి. అందుకే ఈ పిట్టలు పెద్ద గుంపులుగా అరుదుగా కనిపిస్తాయి. ఎక్కువగా కనిపించేది ముగ్గురే, ఒక జంట, వాళ్ల పిల్ల.

గూడు కోసం మరో చెట్టు కావాలి. మనం జామాయిల్ అనీ నీలగిరి అనీ పిలిచే యూకలిప్టస్ అది. అందులోనూ వయసు మళ్లిన చెట్టు కావాలి. మన అడవుల్లో వడ్రంగిపిట్టలూ కంసాలిపిట్టలూ కొమ్మలు తొలిచి గూళ్లు చేస్తాయి, అవి వదిలేసినవి చిలుకలకూ గోరింకలకూ పనికొస్తాయి. ఆస్ట్రేలియాలో వడ్రంగిపిట్టలే లేవు. చెట్టు కొమ్మ విరిగి, గాయంలోకి బూజు చేరి, చెదలు లోపలంతా తినేసి, నెమ్మదిగా తొర్ర ఏర్పడాలి. నల్ల కకాటూ పట్టేంత తొర్ర రావడానికి నూరు, నూటయాభై ఏళ్లు పడుతుంది. నాకు ఇక్కడ మన తోటలే గుర్తొస్తాయి. ఈ పిట్ట కోరుకునే రెండు చెట్ల చుట్టాలనూ మనం ఆంధ్రదేశంలో లక్షల ఎకరాల్లో చూస్తూనే ఉన్నాం, సరుగుడు, జామాయిల్. నాటిన నాలుగైదేళ్లకు కొట్టి లారీకెత్తే చెట్లుగానే మనకవి తెలుసు. ఆ చెట్టు ముసలిదైతే ఎలా ఉంటుందో, దాని కడుపులో ఎవరు కాపురముంటారో చూసే అవకాశం మనకు రాలేదు.

ఈ పిట్ట చరిత్రలో అందరూ చెప్పుకునే కథ కంగారూ దీవిది. అడిలైడ్ నగరానికి దక్షిణంగా, ప్రధాన భూభాగానికి పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న దీవి అది. 4,400 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం. ఈ కకాటూలో మూడు ఉపజాతులున్నాయి. ఒకటి ఆగ్నేయ ఆస్ట్రేలియాది, ఒకటి క్వీన్స్‌లాండ్ మధ్యప్రాంతపుది, మూడోది హాల్మటురైనస్, ఇప్పుడు ఈ దీవిలో తప్ప ఎక్కడా లేదు. ఒకప్పుడు ఎదురుగా ఉన్న దక్షిణ ఆస్ట్రేలియా గుట్టల్లోనూ ఉండేది. అక్కడ షీ ఓక్‌లను రొట్టెల బట్టీల కోసం కొట్టారు, ఆ కట్టె నిలకడగా మండుతుందని బట్టీవాళ్లకు ఇష్టం. కరువు రోజుల్లో కొమ్మలు నరికి పశువులకు మేత వేశారు. మిగిలిన చోట మొలకెత్తిన మొక్కలను గొర్రెలూ కుందేళ్లూ తలెత్తనివ్వలేదు. చెట్టు పోయింది, వెనకే పిట్ట కూడా పోయింది. దీవిలో నిటారు లోయలూ కొండచరియలూ సేద్యానికి పనికిరాక మిగిలాయి కాబట్టి షీ ఓక్ మిగిలింది, దానితో పాటు ఈ పిట్ట కూడా.

అయినా 1995లో లెక్కపెడితే దీవి మొత్తం మీద 158 పిట్టలే తేలాయి. మేత చాలకే ఇలా అయిందని అనుకోవడం సహజం. గూళ్లను గమనిస్తే వేరే కారణం బయటపడింది. బ్రష్‌టెయిల్ పోసమ్ అనే పిల్లి అంత జంతువు రాత్రిపూట చెట్టెక్కి తొర్రలో దూరి గుడ్లనూ పసికూనలనూ తినేస్తోంది. కంగారూలకు మల్లే కడుపు దగ్గర సంచి ఉన్న జంతువు అది, అక్కడి సొంత జంతువే, బయటినుంచి తెచ్చి వదిలిందేమీ కాదు. అది కూడా తొర్రల్లో ఉండేదే. అడవి కొట్టేసి తొర్రలు తగ్గిపోయాక ఎవరు ఎవరి ఇంట్లో దూరుతారో చెప్పలేని పరిస్థితి వచ్చింది. పరిష్కారం చాలా సాదాగా దొరికింది. గూడున్న చెట్టు కాండం చుట్టూ నున్నటి రేకును పట్టీలా బిగించారు. పోసమ్ గోళ్లకు పట్టు దొరకదు. పక్కచెట్ల కొమ్మల మీదుగా దూకకుండా ఆ కొమ్మలు నరికారు. ముందు నాలుగు గూళ్లలో ఒకటైనా పిల్లను ఎగరేసే స్థితి లేదు. రేకులు వేశాక అది 40 శాతం దాటింది. సహజమైన తొర్రలు చాలని చోట ప్లాస్టిక్ పైపులతో గూళ్లు చేసి చెట్లకు కట్టారు, కకాటూలు వాటిల్లోకి దిగి గుడ్లు పెట్టాయి. తొర్రల కోసం పోటీకొచ్చే చిన్న కొరెల్లా చిలుకల్నీ, తొర్రల్లో పట్టు పెట్టే తేనెటీగల్నీ అదుపులో పెట్టారు. షీ ఓక్‌లు నాటి కంచెలు కట్టారు. ఇరవయ్యేళ్లు ఈ పని మానకుండా చేస్తే 2016 నాటికి లెక్క దాదాపు 370కి వచ్చింది. పులులూ ఏనుగులూ కాని చోట ఇంత ఓపిగ్గా, ఏటేటా చెట్టెక్కి దిగుతూ ఒక జాతిని నిలబెట్టిన సందర్భాలు ఎక్కువ లేవు. నాకు ఆ పనివాళ్ల మీద గొప్ప గౌరవం.

2019 డిసెంబరు 20న పిడుగులు పడి దీవిలో మంటలు లేచాయి. జనవరి మొదటి వారానికి అవి అదుపు తప్పాయి. ఆరేసరికి రెండు లక్షల హెక్టార్లకు పైగా, అంటే దీవిలో దాదాపు సగం కాలిపోయింది. పడమటి కొసన ఉన్న ఫ్లిండర్స్ చేజ్ జాతీయ పార్కులో పచ్చగా మిగిలింది చాలా కొద్ది. కకాటూలు మేసే షీ ఓక్ తోపుల్లో సగానికి పైగా బూడిదైపోయాయి, గూళ్లున్న చెట్లు, రేకులు, పైపు గూళ్లు వాటితో పాటే. 2020లోనే మళ్లీ లెక్కపెట్టారు. వచ్చిన సంఖ్య 450 దాటింది. పిట్టలు మంటల ముందు ఎగిరి తూర్పువైపుకు, కాలని తోపుల్లోకి వచ్చేశాయి. ఉన్న చెట్లలోనే ఇరుక్కుని బతికాయి, ఆ సీజన్లో పిల్లల్ని కూడా ఎగరేశాయి.

ఆ అంకె చూసి ఊపిరి పీల్చుకున్నవాళ్లను తప్పుపట్టను, నేనూ సంతోషించాను. కానీ దీర్ఘాయుష్షు ఉన్న పిట్టల విషయంలో తలల లెక్క ఆలస్యంగా నిజం చెబుతుంది. పెద్దపిట్టలు బతికే ఉంటాయి, లెక్కలో కనిపిస్తూనే ఉంటాయి. ఒకసారికి ఒక్క గుడ్డు మించి పెట్టని జాతిలో గూళ్లు విఫలమవుతూ పోతే ఆ సంగతి అంకెల్లోకి దిగడానికి చాలా ఏళ్లు పడుతుంది. పిట్టల కంటే ముందు చెట్ల వయసు లెక్కపెట్టాలి. తీవ్రమైన మంటకు షీ ఓక్ చచ్చిపోతుంది. చస్తూనే కాయలు విచ్చి గింజలు రాలుస్తుంది, బూడిదలోంచి మొలకలు గుబురుగా లేస్తాయి. అక్కడిదాకా ప్రకృతి వేసుకున్న పథకం బాగానే ఉంది. ఆ మొలక ఆడో మగో తేలి, మొదటి కాయ కాయడానికి కొన్నేళ్లు, పిట్టకు గిట్టుబాటయ్యేంత కాపు రావడానికి ఇంకొన్నేళ్లు పడుతుంది. ఈలోగా ఇంకోసారి మంట వచ్చిందంటే చెట్టు మీద కాయ లేదు, నేలలో గింజ లేదు. తోపు అక్కడితో తెగిపోతుంది. వేడి పెరిగి, కరువులు ముదిరి, మంటల మధ్య విరామం తగ్గుతూ వస్తున్న ఖండంలో ఈ పిట్ట భవిష్యత్తు ఆ విరామం మీదే ఆధారపడింది. కరువు ఏళ్లలో కాలకుండా మిగిలిన చెట్లలోనూ తాలు ఎక్కువవుతుంది.

తూర్పు తీరంలో సంగతి ఇంకా పెద్దది. అదే వేసవిలో న్యూ సౌత్ వేల్స్ నుంచి విక్టోరియా తూర్పు కొస మల్లకూట దాకా కాలిన అడవుల్లో ఈ కకాటూ మేత నేలలు చాలా ఉన్నాయి. కంగారూ దీవి ఉపజాతి అంతకు ముందే ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో ఉంది. ఆగ్నేయపు ఉపజాతిని కూడా 2022 ఆగస్టులో ఆస్ట్రేలియా కేంద్ర ప్రభుత్వం ముప్పు పొంచి ఉన్న జాతుల్లో చేర్చింది. దీవిలో గూళ్లు చాలావరకు తెలుసు, తీరంలో అలా కుదరదు. వందల కిలోమీటర్ల అడవిలో, చప్పుడు చేయని పిట్ట గూడు వెతికి, అది పిల్లను ఎగరేసిందో లేదో చూడాలంటే ఎన్ని జతల కళ్లున్నా చాలవు.

అందుకే పరిశోధకులు చెవుల వైపు తిరిగారు. క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వాళ్లు గూళ్ల దగ్గర చిన్న రికార్డర్లు కట్టి వారాల తరబడి శబ్దాలు పోగుచేశారు. మౌనంగా ఉంటుందని పేరుపడ్డ పిట్ట గూటి దగ్గర మౌనంగా ఉండదు. సాయంత్రం మగపిట్ట వచ్చే వేళ ఆడపిట్ట పలికే పిలుపు, పిల్ల ఆకలి కేక, ఎగిరే రోజుకు ముందూ తర్వాతా మారే కేకలు, వీటిని కంప్యూటర్ వేరుచేసి పట్టుకోగలిగింది. గూటి జోలికి పోకుండా, నిచ్చెన వేయకుండా, ఆ సీజన్‌లో పిల్ల ఎగిరిందా మధ్యలో పోయిందా అన్నది శబ్దం బట్టే తేల్చవచ్చని దాంతో రుజువైంది. ఈ జాతికి ఇది పెద్ద మేలు. ఇంకో పక్క ఆ ప్రాంతాల్లో పొలాలున్న రైతులు, బడిపిల్లలు, పక్షిప్రియులు షీ ఓక్ మొక్కలు నాటుతున్నారు, సాయంత్రాలు నీటికుంటల పక్క కూర్చుని దాహం తీర్చుకోవడానికి వచ్చే పిట్టలను లెక్కపెడుతున్నారు. రోజంతా ఎండుగింజలే తింటుంది కాబట్టి పొద్దుగూకే వేళ నీళ్లకు రాక తప్పదు, దీన్ని లెక్కపెట్టడానికి అంతకంటే అనువైన వేళ లేదు.

మంటల తర్వాత నాటిన మొక్కలు పిట్టకు పనికొచ్చే కాపుకు రావాలంటే 2030 దాటాలి. వాటి పక్కన మొలిచిన యూకలిప్టస్‌లో గూటికి సరిపడా తొర్ర రావాలంటే 22వ శతాబ్దం నడుస్తూ ఉండాలి. అందాకా పైపు గూళ్లే దిక్కు. ఏటా గుడ్లు పెట్టే కాలానికి ముందు ఎవరో ఒకరు ప్రతి చెట్టూ ఎక్కి, తేనెపట్టు పెట్టి ఉంటే తీసేసి, అడుగున పొట్టు తక్కువైతే నింపి, కాండం లావెక్కి రేకు బిగుసుకుపోయి ఉంటే వదులు చేసి, పక్కకొమ్మ పెరిగి పోసమ్‌కు దారి ఇస్తుంటే నరికి రావాలి.